పతకం ఎవరికి, ఆయాసం ఎవరికి



చలి మొదలైతే హైదరాబాదులో కుక్కల ప్రదర్శనల సందడి మొదలవుతుంది. నడి ఎండాకాలంలో మైదానంలో కుక్కల షో పెట్టడానికి ఎవరూ సాహసించరు. ఎందుకు సాహసించరో ఒక్క నిమిషం ఆలోచిస్తే, నేను చెప్పబోయేదాంట్లో సగం మీకే తట్టేస్తుంది.

నేను పశువైద్యుణ్ణి. ఉప్పల్, నాచారం నుంచి కీసర దాకా ఉన్న ఊళ్లే నా లోకం. ఈ దారిలో రెండు రకాల కుక్కలు కనిపిస్తాయి. నాచారం వైపు అపార్ట్‌మెంట్లలో పగ్గులు, షీజూలు, పొమరేనియన్లు, సోఫా మీద ఒళ్లు పెంచిన లాబ్రడార్లు. నాగారం దాటి కీసరగుట్ట చుట్టూ ఉన్న ఫామ్‌హౌసుల్లో రాట్‌వైలర్లు, జర్మన్ షెపర్డులు, గ్రేట్ డేన్లు. ఈ రెండు రకాల ఇళ్ల వాళ్లూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మావాడు చాలా బాగున్నాడని అందరూ అంటున్నారు. షోకి తీసుకెళ్లమంటారా? వాడికి మంచిదేనా?"

"వాడికా, మీకా?" అని నేను నవ్వుతూ ఎదురు ప్రశ్న వేస్తుంటాను. కానీ ప్రశ్న మంచిదే. జవాబు మాత్రం అవును, కాదు అనే రెండు ముక్కల్లో తేలదు.

ముందు, షో చూడనివాళ్ల కోసం రెండు మాటలు. తాళ్లు కట్టిన రింగులో హ్యాండ్లరు కుక్కను నిలబెడతాడు. న్యాయనిర్ణేత వచ్చి నోరు తెరిచి పళ్ల వరస చూస్తాడు. వెన్ను తడుముతాడు, కాళ్ల కీళ్లు చూస్తాడు, మగకుక్కైతే రెండు వృషణాలూ దిగాయో లేదో చూస్తాడు. తర్వాత తిన్నగా ఒకసారి, ముక్కోణంగా ఒకసారి పరిగెత్తిస్తాడు. ఒక్కో జాతిలో గెలిచినవి గ్రూపు పోటీకి వెళతాయి. గ్రూపులో గెలిచినవి 'బెస్ట్ ఇన్ షో' కోసం పోటీపడతాయి. మన దేశంలో ఈ వ్యవహారాన్ని నడిపేది చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. 1908లో పుట్టింది. "కేసీఐ పేపర్లున్నాయా?" అని పిల్లను కొనేటప్పుడు అడుగుతారే, ఆ కేసీఐ ఇదే.

ఇక్కడొక సంగతి గమనించాలి. న్యాయనిర్ణేత చూసేది ఎదురుగా ఉన్న కుక్కల్లో ఏది గొప్పదని కాదు. ప్రతి జాతికీ ఒక ప్రమాణం రాసిపెట్టి ఉంటుంది: తల ఇలా ఉండాలి, తోక ఇలా ఉండాలి, రంగు ఇది కావాలి అని. దానికి ఏ కుక్క దగ్గరగా ఉందో చూస్తాడు. కాబట్టి మంచీ చెడూ రింగులో ఉండవు. ఆ కాగితం మీద ఉంటాయి.

ఒకరోజు షోకి వెళ్లడం కుక్కకు చెడ్డదని నేననను. వైద్యుడిగా నాకు కనిపించేది చెబుతాను. షోలకు అలవాటైన కుక్కను టేబుల్ ఎక్కిస్తే నిమ్మళంగా నిలబడుతుంది. నోరు తెరవమంటే తెరుస్తుంది, గోళ్లు కత్తిరిస్తుంటే కాలు లాక్కోదు. అదే గడప దాటని కుక్కకు సూది వెయ్యాలంటే ముగ్గురు పట్టుకోవాలి, మూతికి గుడ్డ కట్టాలి. షో కుక్కకు టీకాలు టైముకు పడతాయి. పళ్లు శుభ్రంగా ఉంటాయి. పొద్దున్నే నడక తప్పదు. ఆదివారం బిర్యానీలో వాటా తిని ఒళ్లు పెంచిన లాబ్రడార్‌తో పోలిస్తే దాని బతుకు నయం. జనంలో, తోటి కుక్కల మధ్య బెదరకుండా మసలడం కూడా చిన్న చదువేం కాదు.

చెడు కూడా ఉంది. పొద్దుటి నుంచి బోనులో కూర్చోవాలి, మైకుల హోరు భరించాలి, దూరపు కారు ప్రయాణం తప్పదు. ఓడిపోయామని యజమాని మొహం మాడ్చుకుంటే కుక్క దాన్ని కనిపెడుతుంది. దానికి రిబ్బను తెలియదు, మీ మొహం తెలుసు. కొన్ని కుక్కలు ఉత్సాహంగా తోకాడిస్తూ రింగులోకి దూకుతాయి. కొన్ని వణుకుతూ యజమాని కాళ్ల మధ్య దూరతాయి. వణికేదాన్ని ఇంకోసారి తీసుకెళ్లకండి. ఒక్కరోజు సంగతి ఇంతే.

అసలు కథ పతకం ఇంటికి వచ్చాక మొదలవుతుంది.

మగకుక్క చాంపియన్ అయిందని తెలియగానే ఫోన్లు మొదలవుతాయి. క్రాసింగ్‌కి ఇస్తారా, ఎంత తీసుకుంటారు, పిల్లల్లో వాటా ఇవ్వమంటారా అని. ఆడకుక్క ఒక కాన్పులో ఐదారు పిల్లల్ని కంటుంది. పేరున్న మగకుక్క మాత్రం కొన్నేళ్లలో వందల పిల్లలకు తండ్రి కావచ్చు. దాని రక్తంలో పైకి కనిపించని లోపం ఒకటుంటే, అది కూడా ఆ వందల ఇళ్లకు పంపకమైపోతుంది. ఆ పిల్లల్ని మళ్లీ ఒకదానితో ఒకటి కలిపితే లోపం పైకి తేలుతుంది. ఈ లోపు కప్పు షోకేసులో ఉంటుంది, ఫొటో గోడమీద ఉంటుంది. నష్టపోయేది పోటీ చేసిన కుక్క కాదు. ఇంకా పుట్టని పిల్లలు.

నన్నయ ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ చెప్పాడు. జనమేజయుడు యాగం చేసే చోటికి ఆడుకోవడానికి వెళ్లిన కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు ఊరికే కొట్టారు. తల్లి సరమ నిండుసభకు వచ్చి, ఏ తప్పూ చెయ్యని పిల్లకు దెబ్బలేమిటని రాజును నిలదీసింది. రాజు దగ్గర సమాధానం లేదు. మన ప్రదర్శన శాలల్లో ఆ ప్రశ్న వేసే తల్లి లేదు.

పగ్గు సంగతే తీసుకోండి. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో ఒక పిల్లవాడి వెంట పగ్గు నడిచింది. దేశమంతా ముచ్చటపడింది. వీధికొక 'హచ్ కుక్క' వచ్చింది. దాని ముడతల మొహం, గుడ్లగూబ కళ్లు, చదునైన ముక్కు చూసి మనం మురిసిపోయాం. ఆ మొహం లోపల ఏముందో చెప్పనివ్వండి. ఎముకను పొట్టి చేశారు గానీ, లోపలి మెత్తటి అంగిలి, నాలుక పొట్టివి కాలేదు. చిన్న గదిలో పెద్దింటి సామాను కుక్కినట్టు అవన్నీ గొంతులో అడ్డం పడి ఉంటాయి. ముక్కురంధ్రాలు సన్నని గీతల్లా మూసుకుపోయి ఉంటాయి. మనిషికి ఒంటినిండా చెమట పడుతుంది, కుక్కకు పట్టదు. అది నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒంటి వేడిని దించుకోవాలి. గాలి పోయే దారే ఇరుకైతే వేడి ఎలా దిగుతుంది? కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102న్నర ఫారన్‌హీట్ డిగ్రీలు. 106 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పల్‌లో మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయిన గదిలో, పగ్గుకు అక్కడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. "మావాడు మనిషిలా గురకపెడతాడు సార్" అని ముద్దుగా చెబుతారు. అది గురక కాదమ్మా, ఊపిరి కోసం పెనుగులాట.

బుల్‌డాగ్ ఇంకో మెట్టు పైన. తల పెద్దది, కటి సన్నం. పిల్ల తల తల్లి కటిలోంచి దిగదు. 2010లో వెలువడిన బ్రిటిష్ అధ్యయనంలో ఆ జాతి కాన్పుల్లో 80 శాతానికి పైగా ఆపరేషనే అని తేలింది. డాక్టరు కత్తి లేకుండా తరం కూడా నిలబడలేని జంతువును మేలుజాతి అనడానికి నాకు నోరు రాదు.

ఈ పోటీలు మొదలైనప్పుడు ఇలా లేవు. 1859లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జరిగిన తొలి ప్రదర్శనలో పాయింటర్లు, సెటర్లు మాత్రమే పాల్గొన్నాయి. రెండూ వేటకుక్కలే. గెలిచినవారికి ఇచ్చింది తుపాకులు. అంటే ఆ కుక్కతో రేపు పొద్దున అడవికి వెళ్లాలి. ఆయాసపడే కుక్కను మెచ్చుకుని ఎవరేం చేసుకుంటారు? 1891లో ఆ దేశంలోనే క్రఫ్ట్స్ అనే ప్రదర్శన మొదలైంది, కుక్కలు కూడా మెల్లగా అడవిలోంచి డ్రాయింగ్ రూముల్లోకి వచ్చాయి. చెయ్యాల్సిన పని పోయాక మిగిలింది రూపమే. పొట్టి ముక్కు అందమంటే ఇంకా పొట్టి ముక్కు గెలుస్తుంది. వాలు వీపు అందమంటే ఇంకా వాలు వీపు గెలుస్తుంది. దీనికి అడ్డుకట్ట వేసేవాడు లేడు.

2008లో బీబీసీ ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. అందులో కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ అనే ముద్దొచ్చే చిన్న కుక్కలు కనిపించాయి. మెదడుకు పుర్రె చాలక, వెన్నుపాములో నీటి గదులు ఏర్పడి, నొప్పితో మెలికలు తిరుగుతున్నాయి. బ్రిటన్ గగ్గోలెత్తింది. బీబీసీ క్రఫ్ట్స్ ప్రసారమే మానేసింది. అక్కడి కెన్నెల్ క్లబ్ ప్రమాణాలను తిరగరాసింది. 2012 క్రఫ్ట్స్‌లో ప్రమాదం ఎక్కువున్న 15 జాతుల విజేతలను గ్రూపు పోటీకి పంపే ముందు బయటి పశువైద్యులు పరీక్షించారు. ఆరు కుక్కలు తప్పాయి. వాటిలో బుల్‌డాగ్, పెకినీస్ ఉన్నాయి. న్యాయనిర్ణేత తన జాతిలో ఉత్తమమన్న కుక్కనే డాక్టరు పనికిరాదన్నాడు. అంతకంటే పెద్ద తీర్పు ఏం కావాలి? జర్మనీ 2022 నుంచి బాధ కలిగించే లక్షణాలతో పెంచిన కుక్కల ప్రదర్శనను నిషేధించింది. నార్వేలో కావలియర్ల పెంపకం సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2023లో ఆ జాతిలో ఇప్పుడున్న కుక్కల్ని ఒకదానితో ఒకటి కలిపి పెంచడం చట్టవిరుద్ధమని తేలింది.

డాల్మేషియన్ కథ ఇంకా విచిత్రం. తెల్లటి ఒంటిమీద నల్లటి చుక్కలు స్ఫుటంగా ఉండాలని ఎంచుకుంటూ పోయారు. ఆ చుక్కలతోపాటు ఒక జన్యులోపం జాతి మొత్తానికి అంటుకుంది. మూత్రంలో యూరిక్ ఆమ్లం పేరుకుని రాళ్లు కడతాయి. 1973లో అమెరికాలో ఒక జన్యుశాస్త్రవేత్త డాల్మేషియన్‌ను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పాయింటర్‌తో కలిపాడు. తర్వాత తరతరాలుగా డాల్మేషియన్లతోనే కలుపుతూ పోయాడు. చుక్కలు నిలిచాయి, రోగం పోయింది. చూడ్డానికి అచ్చం డాల్మేషియన్లే. అయినా రక్తంలో పరాయి బొట్టు ఉందని అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిని పూర్తిగా ఒప్పుకోవడానికి 2011 దాకా పట్టింది. జబ్బుతో ఉన్న శుద్ధరక్తం ముద్దు, ఆరోగ్యంగా ఉన్న కలగలుపు రక్తం వద్దు! కులం పేరు చెప్పి సంబంధాలు తప్పగొట్టే మన పెద్దమనుషులు గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు.

జంతువుల పోటీలు మనకు కొత్త కాదు. సంక్రాంతికి కోస్తాలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి అని వయసును బట్టి విభాగాలుంటాయి. ఎంత బరువు, ఎంత సేపట్లో, ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. చర్నాకోల దెబ్బల్ని నేను వెనకేసుకురాను, అది వేరే ప్రసంగం. కానీ అక్కడ కొలిచేది జంతువు సత్తాను. ఊపిరి ఆడని ఎద్దు ఆ బరిలో పది అడుగులు వెయ్యలేదు.

ఇంకా వెనక్కి వెళితే కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరు శాసనం ఉంది. క్రీస్తుశకం 949 నాటిది. తక్కోలం యుద్ధంలో పరాక్రమం చూపిన మణలెర అనే వీరుణ్ణి రాజు బూతుగుడు ఏం కావాలో కోరుకోమన్నాడు. అతడు కోరింది కాళి అనే వేటకుక్కను. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడింది, రెండూ చచ్చిపోయాయి. కాళి కోసం గుడి ముందు శిల నిలిపి, దాని పూజకు భూమి ఇచ్చారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. అందులో కాళి చెవుల పొడవెంతో రాయలేదు, అది ఏం చేసిందో రాశారు.

షోలే లేకపోతే జాతులు ఉంటాయా అని పెంపకందార్లు నన్ను అడుగుతారు. ఆ మాటలో నిజముంది. జాతి లక్షణాలు రాసిపెట్టి, వంశాలు నమోదు చేసేవాళ్లు లేకుంటే మన రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ జాగిలాల్ని ఈపాటికి బొమ్మల్లో చూసేవాళ్లం. తమిళనాడు 1980 ప్రాంతంలోనే సైదాపేటలో దేశీ జాతుల పెంపక కేంద్రం పెట్టింది. కర్ణాటక ముధోల్ జాగిలాల కోసం తిమ్మాపూర్‌లో పరిశోధన కేంద్రం నడుపుతోంది. 2005లో తపాలాశాఖ దేశీ కుక్కల మీద నాలుగు స్టాంపులు వేసింది. 2020లో ప్రధాని మన్ కీ బాత్‌లో వీటి పేర్లు చెప్పాక అడిగేవాళ్లు పెరిగారు.

అక్కడే నాకు భయం. రాజపాళయంలో పాలలాంటి తెలుపు, గులాబీ రంగు ముక్కు మెచ్చుకుంటారు. ఆ తెలుపుతోపాటే కొన్ని పిల్లలకు పుట్టుచెవుడు వస్తుంది. ఇంగ్లండులో వందేళ్లకు పైగా జరిగిన పొరపాటును మనం దేశభక్తితో మళ్లీ చెయ్యడం దేనికి?

మన తెలుగునేల కుక్క ఒకటుంది, జోనంగి. కొల్లేటి చుట్టుపక్కల, కృష్ణా గోదావరి జిల్లాల్లో పుట్టింది. పొట్టి వెంట్రుకల నున్నటి చర్మం, నుదుటిమీద ముడతలు, చుట్టు తిరిగిన తోక. మొరగడం తక్కువ, రాగం తీసినట్టు కూస్తుంది. నేలలో గుంత తవ్వుకుని పడుకుంటుంది. బాతుల మందను తోలడంలో దిట్ట. పొలాలు చేపల చెరువులయ్యాక, బాతులు మేపేవాళ్లు తగ్గాక దానికి పని పోయింది, అదీ తగ్గిపోయింది. రేపు దీనికి కూడా ఎవరో రింగు కడతారు. కట్టనివ్వండి. కానీ నుదుటిమీద ఎన్ని ముడతలున్నాయని లెక్కపెట్టి పతకం ఇవ్వొద్దు. బాతుల మందను వదిలి, తోలమనండి. ఏది చెదరకుండా గట్టు మీదికి చేర్చిందో దానికివ్వండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2016లో పెంపకం వ్యాపారం కోసం విదేశీ కుక్కల దిగుమతి మీద కేంద్రం నిషేధం పెట్టింది. మంచుదేశపు హస్కీని ఏసీ గదిలో పెట్టి పోషించే వేలంవెర్రికి అప్పట్లో అది కొంత కళ్లెం వేసింది. 2017లో కుక్కల పెంపకం, అమ్మకం మీద నిబంధనలు వచ్చాయి. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. పద్దెనిమిది నెలలు నిండని, ఎనిమిదేళ్లు దాటిన ఆడకుక్కను కట్టించకూడదు. ఏడాదికి ఒక కాన్పు, జీవితంలో ఐదు కాన్పులు, అంతే. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అందం కోసం తోకలు, చెవులు కొయ్యకూడదు. మీరు పిల్లను కొనబోయిన చోట ఈ మాటలు అడిగి చూడండి. నవ్వేవాళ్లు ఎందరో, కాగితం చూపించేవాళ్లు ఎందరో మీకే తెలుస్తుంది.

మరి షోకి తీసుకెళ్లొచ్చా? మీ కుక్క ఊపిరి పీల్చే కుక్కైతే, పరిగెత్తే కుక్కైతే, జనాన్ని చూసి తోక ఊపేదైతే నిక్షేపంగా తీసుకెళ్లండి, దానికి మేలే. ముక్కు మూసుకుపోయిన పగ్గునో బుల్‌డాగ్‌నో అయితే వద్దు. గెలిచినా వద్దు. గెలిస్తే ఇంకా వద్దు, ఎందుకంటే దాని పిల్లలు కావాలని వందమంది వస్తారు. ఈ మాట నచ్చని మిత్రులు నాకూ ఉన్నారు.

హైదరాబాదులో ప్రదర్శనలు నడిపే పెద్దలకు ఒక విన్నపం. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు పొట్టిముక్కు కుక్కలకు ఒక తేలికైన పరీక్ష కనిపెట్టారు. ముందు స్టెతస్కోపుతో గొంతు వినాలి. మూడు నిమిషాలు చురుగ్గా నడిపించి, మళ్లీ వినాలి. యంత్రాలక్కర్లేదు, ఖర్చులేదు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల విద్యార్థుల్ని పిలిస్తే సంతోషంగా వస్తారు. రింగు గుమ్మం దగ్గరే ఈ పరీక్ష పెట్టండి. తప్పిన కుక్కను రింగులోకి రానివ్వకండి. పక్కనే మన వీధికుక్కలకు కూడా ఒక విభాగం పెట్టండి. 2025లో జీహెచ్ఎంసీ జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అలాంటి మేళా ప్రతి షో పక్కనా ఉండాలి.

ఇక కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకునే శ్రోతలకు. తాత చాంపియనా, తండ్రి చాంపియనా అని అడగకండి. తల్లిని చూపించమనండి. చూపించనంటే తిరిగి వచ్చెయ్యండి. చూపిస్తే, ఎండ దిగాక దాన్ని మీ కళ్లముందు పది నిమిషాలు నడిపించమనండి. నడక ఆపాక కూడా గొంతులోంచి గరగర వినిపిస్తుంటే, ఎన్ని పతకాలున్నా ఆ ఇంటి పిల్లను కొనకండి.